బానలు నింపడం మన పాలు

(హనుమకొండలో జరిగిన ఉపవాస కూడికల్లో రెండో రోజు సాయంత్రం అందించిన వాక్య సందేశం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసినది.)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పరకాల నుంచి, జనగామ దిక్కు నుంచి రెండేసి బస్సులు మారి వచ్చిన తల్లులు ముందు వరసల్లో కూర్చున్నారు. ఉపవాసం ఉన్నవాళ్లు మంచినీళ్లు తాగండి, నీళ్లకు ఉపవాసం చెడదు. షుగరు గోలీలు వేసుకునేవాళ్లు మాత్రం ఏదైనా తిని వచ్చి కూర్చోండి. దాని గురించి ముందుముందు చెప్తాను.

యోహాను సువార్త రెండో అధ్యాయం తీయండి. కానా ఊర్లో పెండ్లి. ద్రాక్షారసం అయిపోయింది. లగ్గంలో రెండో బంతి కూర్చున్నంక కూర అడుగంటితే ఆ ఇంటి పెద్ద మొఖం ఎట్లుంటదో మీకు చెప్పనక్కర్లేదు. అప్పుడు యేసు తల్లి మరియ పరిచారకులతో ఒక్క మాట అంది: "ఆయన మీతో చెప్పునది చేయుడి." ఆయన ఏం చెప్పబోతున్నాడో ఆమెకు ఇంకా తెలియదు. చెప్పింది నచ్చితే చేయండి అనలేదు, అర్థమైతే చేయండి అనలేదు.

అక్కడ ఆరు రాతిబానలున్నాయి, వాటిని నీళ్లతో నింపమన్నాడు యేసు. రాతివే ఎందుకంటే, మట్టికుండకు మైల తగిలితే పగలగొట్టాలని లేవీయకాండంలో ఉంది. రాతి పాత్రకు మైల అంటదని యూదుల ఆచారం. "రెండేసి మూడేసి తూములు పట్టు" బానలని మన బైబిల్లో ఉంటుంది. దాన్ని మన వడ్లు కొలిచే తూము అనుకోవద్దు. గ్రీకులో ఉన్న మాట మెట్రేటేస్, అది దాదాపు 39 లీటర్లు. అంటే ఒక్కో బాన 78 నుంచి 117 లీటర్లు పడుతుంది. ఆరు కలిపితే 470 నుంచి 700 లీటర్ల దాకా. నల్లా లేదు, మోటరు లేదు. 15 లీటర్ల బిందె నెత్తిన పెట్టుకుని తెచ్చారనుకోండి, తక్కువలో తక్కువ 31 బిందెలు, ఎక్కువైతే 47. అదీ పెండ్లి పనుల మధ్య, అడిగింది ద్రాక్షారసమైతే చెప్పింది నీళ్లు మోయమని.

వాళ్లు ఎంత నింపారో చూడండి. "అంచులమట్టుకు." ముప్పావు నింపి ఇక చాలులే అనుకుంటే అడిగేవాళ్లు లేరు. అంచుదాకా నిండిన బానలో ఇంకెవరైనా ఏదన్నా కలపడానికి చోటుండదు. అందుకే ఆ తర్వాత జరిగినదాన్ని ఎవరి చేతివాటం అనీ అనలేము.

కాని నన్నడిగితే మొదటి ఆజ్ఞ కంటే రెండోదే కష్టం. నీళ్లు మోస్తే భుజాలు నొస్తాయి, అంతే. ఇప్పుడు ఆయన, ముంచి విందు ప్రధాని, అంటే విందు చూసుకునే పెద్దమనిషి దగ్గరికి తీసుకపొమ్మంటున్నాడు. తెచ్చినవాడికి తెలుసు తాను పోసింది నీళ్లేనని. ఆ గిన్నె పట్టుకుని పెద్దమనిషి ముందుకు నడవాలి. ఏ అడుగు దగ్గర నీళ్లు రసమైనయో వాక్యం చెప్పలేదు. బానలోనే మారిందా, ముంచినప్పుడా, దారిలోనా, చెప్పలేదు. నడిచారని మాత్రం చెప్పింది.

మన దగ్గర భూమి పాలుకు ఇస్తారు. పాలుకు చేసేవాడు, భూమి గలవాడు ముందే మాట్లాడుకుంటారు: విత్తనం ఎవరిది, ఎరువు ఎవరిది, కూలి ఎవరిది, పంట ఎట్లా పంచుకోవాలె. ఇది తేలకపోతే కల్లం కాడ తగాదా. బైబిల్లో ఏ అద్భుతం చదివినా ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో మనిషి పాలు ఏది, దేవుని పాలు ఏది?

లాజరు సమాధి దగ్గర "రాయి తీసివేయుడి" అన్నాడు ప్రభువు. నాలుగు రోజుల శవాన్ని లేపగలిగినవాడికి రాయి దొర్లించడం కష్టమా? రాయి తీయడం మనుషుల చేతనవుతుంది కనుక వాళ్లకే అప్పజెప్పాడు. ప్రాణం పోయడం వాళ్లకు చేతకాదు, అది తాను చేశాడు. లేచి వచ్చినంక కట్లు విప్పే పని మళ్లీ వాళ్లదే. అపొస్తలుల కార్యాలు 12లో పేతురు చెరసాలలో ఉన్నాడు. కావలికి నలుగురేసి నాలుగు జట్లు, 16 మంది. రెండు సంకెళ్లు. దూత వచ్చాడు, సంకెళ్లు ఊడిపడ్డాయి. తర్వాత దూత ఏమన్నాడు? నడుము కట్టుకో, చెప్పులు తొడుక్కో, పైబట్ట వేసుకో, నా వెంట రా. చెప్పులు దూత తొడగలేదు. ఇనుప గేటు పేతురు నెట్టలేదు, అది దానంతట అదే తెరుచుకుంది. చెప్పులు నీ పాలు, గేటు ఆయన పాలు. మనమేమో చెప్పులు వేసుకోకుండా గేటు దగ్గర నిలబడి రాత్రంతా ఏడుస్తున్నాం.

మరి మన పాలు ఎక్కడ చెడిపోతుంది? రాజుల రెండో గ్రంథం ఐదో అధ్యాయంలో నయమాను ఉన్నాడు. సిరియా సేనాధిపతి, కుష్ఠరోగి. ఆరు వేల తులాల బంగారం, పది జతల బట్టలు కట్టుకుని వచ్చాడు. ప్రవక్త ఎలీషా గడప దాటి బయటికి కూడా రాలేదు, మనిషిని పంపి యొర్దానులో ఏడుసార్లు మునుగు అని చెప్పించాడు. నయమానుకు కోపం. ఆ కోపంలో ఆయన అన్న మాట జాగ్రత్తగా వినండి: ప్రవక్త బయటికి వస్తాడు, నిలబడి తన దేవుని పేరున ప్రార్థిస్తాడు, చేయి ఆడిస్తాడు అనుకున్నాను. అంటే అద్భుతం ఎట్లా జరగాలో తన మనసులో ముందే రాసిపెట్టుకున్నాడు. దమస్కులో అబానా, ఫర్పరు నదులు లేవా అన్నాడు. నీళ్ల సంగతే అయితే ఆయన అన్నది తప్పు కాదు. కాని ఆయనకు చెప్పింది యొర్దాను. చివరికి తన పనివాళ్లే నచ్చజెప్పారు: పెద్ద పని ఏదన్నా చెప్పి ఉంటే చేసేవాడివి కదా నాయనా, మునిగి శుద్ధుడవు కమ్మంటే ఎందుకు చేయవు?

ఈ మాట మన సంఘాలకు బాగా తగులుతుంది. నలభై రోజుల ఉపవాసం చెప్పండి, చేస్తాం. రాత్రంతా ప్రార్థన అంటే చాపలు తీసుకుని వస్తాం. నీ తోడికోడలితో మాట్లాడు అంటే మాత్రం, అయ్యగారూ అది తప్ప ఇంకేదన్నా చెప్పండి అంటాం. ఏడు మునకలు ఏడే. ఆరోసారి లేచినప్పుడు ఆయన ఒళ్లు ఎట్లుందో వాక్యంలో లేదు. ఏడోది అయినంక పసిపిల్లాడి ఒళ్లులాగ అయిందని ఉంది.

యెరికో కోట గోడ కూలిన సంగతి కూడా అంతే. ఆరు రోజులు రోజుకొక్క చుట్టు, ఏడో రోజు ఏడు చుట్లు, మొత్తం 13. పైగా కేక వేయమనేదాకా నోట మాట రావద్దని యెహోషువ ఆజ్ఞ. పన్నెండు చుట్లు తిరిగినా గోడకు బీట పడిందని ఎక్కడా రాయలేదు. మన డోర్నకల్ గుర్తు చేసుకోండి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళ దేశం నుంచి 1909లో అక్కడికి వచ్చేసరికి 35 ఏళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయేదాకా డోర్నకల్ విడిచిపోలేదు. అక్కడి గుడి ప్రతిష్ఠ జరిగింది 1939లో, అంటే ఆయన వచ్చిన 30 ఏళ్లకు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో వేలమంది దేవుని వైపు తిరిగారని అద్భుతంగా చెప్పుకుంటాం. అది అద్భుతమే. దాని కింద 30 ఏళ్ల రోజువారీ చుట్లున్నాయి.

అప్పుల సంగతి ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే చీటీల మీద రాసి ఇచ్చిన ప్రార్థన మనవుల్లో అదే ఎక్కువ. రాజుల రెండో గ్రంథం నాలుగో అధ్యాయం. ప్రవక్తల శిష్యుల్లో ఒకాయన భార్య, మొగుడు చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకులను పనివాళ్లుగా పట్టుకుపోతానంటున్నాడు. ఎలీషా మొదట అడిగిన ప్రశ్న: నీ ఇంట్లో ఏముంది? ఏమీ లేదు, కొంచెం నూనె తప్ప అంది. అప్పుడు ఆమెకు అప్పజెప్పిన పనులు ఇవీ: పోయి ఇరుగుపొరుగువాళ్లను వట్టి పాత్రలు అడుక్కో, తక్కువ తేవద్దు. ఇంట్లోకి పోయి తలుపు వేసుకో, నీవూ నీ కొడుకులూ. పాత్రల్లో నూనె పోసి, నిండినదాన్ని పక్కన పెట్టు. పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయింది. నూనె అయిపోయి పాత్రలు మిగల్లేదు, చూశారా. ఆమె ఎన్ని గడపలు ఎక్కిందో అన్ని పాత్రల నూనె. అడగడానికి సిగ్గుపడి నాలుగిళ్ల దగ్గరే ఆగి ఉంటే నాలుగిళ్ల నూనే.

ఆ తర్వాత వచ్చే వచనాన్ని మనం చదవకుండా దాటేస్తాం. నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బతకండి. వరస చూడండి: ముందు అప్పు, తర్వాత బతుకు. పత్తి పైసలు చేతికొచ్చిన రోజు మన వరస ఏది? ముందు ఫంక్షను, తర్వాత ఫోను, తర్వాత బట్టలు, మిగిలితే మిత్తి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు రెండు, ఏడాదికి 24. 50 వేల అప్పుకు ఏడాది తిరిగేసరికి మిత్తే 12 వేలు. అసలు అట్లనే ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా, దేవా అప్పు తీర్చు అని అడిగితే ఆయన నిన్నూ అదే ప్రశ్న అడుగుతాడు: నీ ఇంట్లో ఏముంది? కనుక ఇంటికి పోయినంక ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరికి ఎంత, ఏ మిత్తికి, ఏ నెలలో తీసుకున్నది. ఎక్కువ మిత్తిది ముందు తీర్చండి. ఇయ్యాల తీర్చలేకపోతే అప్పిచ్చినాయన ఫోను కట్ చేయకుండా, ఎప్పుడు ఎంత ఇస్తావో చెప్పండి. మొఖం తప్పించుకుని తిరిగేవాడు అద్భుతం కోసం ఎదురుచూస్తున్నాడని చెప్పడానికి నాకు వాక్యంలో ఆధారం దొరకదు.

తూకం సంగతీ చెప్పాలి. లేవీయకాండం 19లో న్యాయమైన త్రాసు ఉండాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లు పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు, ఆ పైన శాతానికింత కోత పడుతుంది, 12 దాటితే కొనరు. తేమ చూసే మీటరు లేని చోట అమ్మేటప్పుడు రాత్రిపూట పత్తి మీద నీళ్లు చల్లేవాళ్లున్నారు. క్వింటాలుకు ఐదు లీటర్లు చల్లితే ఐదు కిలోల దొంగ బరువు. కుప్పలో వేడి పుట్టి పత్తి పచ్చబారుతుంది, అది వేరే నష్టం. తూకంలో రైతును కోసే వ్యాపారి పాపం ఇంతకంటే చిన్నదని నేను అనను. ఎవరిదైనా సరే, ఆ చేతులే మళ్లీ ఎత్తి వాన ఇవ్వమని అడుగుతున్నాం. అట్లా తీసుకున్నది ఉంటే లేవీయకాండం ఆరో అధ్యాయం కొలత చెప్పింది: అసలు ఇచ్చి, దాని మీద ఐదో వంతు కలపాలి. పది వేలు తీసుకుంటే 12 వేలు. పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, అది ఆయన మనసు. తక్కువలో తక్కువ ఐదో వంతు.

ఇంకోటి, దేవుడు చెప్పనిదాన్ని చెప్పాడనుకుని చేయడం. ఇది అవిధేయత కంటే ప్రమాదం, విశ్వాసంలాగ కనబడుతుంది కనుక. సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అన్నాడు. వాక్యం కూడా ఎత్తి చూపించాడు. ప్రభువు దూకలేదు. దూకమని తండ్రి చెప్పలేదు. రాజుల మొదటి గ్రంథం 13లో యూదా నుంచి వచ్చిన దైవజనుడికి దేవుడు తేటగా చెప్పాడు: అక్కడ అన్నం తినవద్దు, నీళ్లు తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి పోవద్దు. బేతేలులో ఒక ముసలి ప్రవక్త వచ్చి, దూత నాతో చెప్పాడు, మా ఇంటికి రా అన్నాడు. అబద్ధం. ఈయన నమ్మి తిన్నాడు, దారిలో సింహం చంపింది. ప్రవక్త అన్న పేరు చూసి మోసపోయాడు. ఎవరన్నా వచ్చి, నీ ప్లాటు అమ్మి ఇంత కానుక ఇస్తే నీ బిడ్డకు సంబంధం కుదురుతుందని ప్రభువు చెప్పాడంటే, ఈ అధ్యాయం తీసి వాళ్ల ముందు పెట్టండి. నయమాను ఇవ్వబోయిన బంగారంలో ఎలీషా ఒక్క తులం ముట్టలేదు. ఎలీషా పనివాడు గేహజీ వెంటబడి వెండి, రెండు జతల బట్టలు తెచ్చుకున్నాడు, ఆ రోగం కూడా తెచ్చుకున్నాడు.

ఇక మందులు. ప్రార్థన చేయించుకున్నాం కనుక గోలీలు మానేశామని వచ్చి చెప్పేవాళ్లున్నారు. మానమని ఎవరు చెప్పారు? టీబీ మందు మామూలుగా ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. అక్కడే మనిషి మోసపోతాడు, బాగైపోయిందని ఆపేస్తాడు. లోపల మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. అప్పుడు వేరే మందులు, ఇంకా కష్టమైన చికిత్స, ఇంట్లో పిల్లలకు కూడా అదే మొండి రోగం అంటుకునే ప్రమాదం. ఫిట్స్ గోలీలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఇన్సులిన్ మీదనే బతికే పిల్లలకు అది ఆపితే రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది.

హిజ్కియా రాజుకు దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. మాట ఇచ్చినంక కూడా యెషయా, అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే, కట్టు కట్టించినవాడూ ఆయనే. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులను ప్రభువు, పోయి యాజకులకు కనబరచుకోండి అన్నాడు. వాళ్లు పోతూ ఉండగా శుద్ధులయ్యారు. యాజకుడు ఆ రోజుల్లో పరీక్ష చేసేవాడు. చర్మం చూసి, బాగైంది అని ఆయన చెప్పాలి. కనుక ప్రార్థన తర్వాత మీకు బాగైనట్టు అనిపిస్తే డాక్టరు దగ్గరికి పోండి, తెమడ పరీక్ష చేయించండి, రిపోర్టు తెచ్చుకోండి. మందు ఆపమనే మాట డాక్టరు నోటి నుంచి రావాలి. సాక్ష్యం చెప్పడానికి ఆ తర్వాత పిలుస్తాం. నిజమైన అద్భుతం పరీక్షకు భయపడదు.

ఇంత చేసినా అద్భుతం జరగకపోతే? ఈ ప్రశ్న అడగడానికి భయపడి కొందరు తల్లులు వెనక వరసలో కూర్చుంటారు. ఇందాక చెప్పిన అపొస్తలుల కార్యాలు 12 మళ్లీ తీయండి. పేతురును విడిపించిన అధ్యాయం అది. దాని రెండో వచనం చూడండి: హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే ఊరు, అదే సంఘం, అదే హేరోదు. పేతురు బతికాడు, యాకోబు చనిపోయాడు. యాకోబుకు విశ్వాసం తక్కువని అక్కడ ఒక్క మాట లేదు. యాకోబు తల్లి కూడా ఆ సంఘంలో ఉండి ఉంటే, పేతురు తలుపు తట్టిన ఆ రాత్రి ఆమె ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించండి. పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ప్రభువు తీయలేదు, నా కృప నీకు చాలు అన్నాడు. ఎందరినో బాగుచేసిన ఆ పౌలే తన తోటివాడు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు రాజుతో ఏమన్నారు? మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం. ఆ "ఒకవేళ" అనే మాట అవిశ్వాసం అని ఎవరన్నా మీకు చెప్తే నమ్మవద్దు. కొడుకు పోయిన తల్లి దగ్గరికి పోయి, నీ విశ్వాసం చాలలేదు అనేవాడు దేవుని పాలు తన చేతిలోకి తీసుకున్నాడు.

తిరగేసి కూడా చూడండి. సంఖ్యాకాండం 20లో బండతో మాట్లాడు అంటే మోషే రెండుసార్లు కొట్టాడు. నీళ్లు వచ్చాయి, సమృద్ధిగా వచ్చాయి. అద్భుతం జరిగింది. కాని ఆ పనికే మోషే కనాను గడప తొక్కలేదు. కనుక నీళ్లు వచ్చాయంటే నేను చేసింది సరే అనుకోవద్దు, రాలేదంటే దేవుడు నన్ను విడిచాడనీ అనుకోవద్దు. చెప్పింది చేశానా లేదా, అంతవరకే మన లెక్క.

కానాలో ఆ రసం తాగినవాళ్లు ఎందరో. విందు ప్రధానికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, పెండ్లికొడుకును మెచ్చుకున్నాడు. "ఆ నీళ్లు ముంచి తీసికొనిపోయిన పరిచారకులకే" తెలుసు అని యోహాను రాశాడు. బిందెలు మోసినవాళ్లకే.

ఇప్పుడు కానుకల సమయం. సంచులు ఇంకా బల్ల మీదనే ఉన్నాయి, ఇప్పుడే పట్టం. మత్తయి ఐదో అధ్యాయంలో ప్రభువు, నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే కానుక అక్కడే విడిచిపెట్టి ముందు పోయి సమాధానపడు అన్నాడు. పదిహేను నిమిషాలు ఆగుదాం. ఫోన్లు తీయండి. అన్న కావచ్చు, వదిన కావచ్చు, గట్టు దగ్గర తగాదా పడ్డ పక్క చేను ఆయన కావచ్చు. షామియానాలో మాట్లాడితే ఒకరిది ఒకరికి వినబడుతుంది, బయట వేపచెట్టు దిక్కు పోయి మాట్లాడండి. తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. నా వైపు తప్పు ఇది అని మీది మీరు చెప్పండి, వాళ్ల తప్పు ఎత్తవద్దు. ఫోను ఎత్తకపోతే ఇంకోసారి చేయండి. ఛార్జింగ్ లేనివాళ్లకు మన పిల్లలు ఫోన్లు ఇస్తారు.